నీడకు పేరు పెట్టాక

"పెద్దమ్మా, ఆ నీడ వాణ్ణి ఎందుకు వదల్లేదు?"

నంద్యాలలో మా మిద్దె మీద పడుకుని అడిగాడు మా చెల్లెలి కొడుకు. వాడిది ఆళ్లగడ్డ. ఎండాకాలం సెలవులకు వచ్చాడు అనడం కంటే, పంపించారు అనడం నిజం. తొమ్మిదో తరగతి చివర్లో తోటి పిల్లవాడి చెయ్యి విరగ్గొట్టాడు. ఎందుకురా అంటే ఒకటే మాట: "గాజులు తొడుక్కోరా అన్నాడు." ఇంట్లో మగవాళ్లు పైకి తిట్టారు. లోలోపల మీసాలు దువ్వుకున్నారు.

బుద్ధులు చెప్పడం నాకు చేతకాదు. అందుకే రోజూ రాత్రి ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' నవలను తెలుగులో కథగా చెప్పాను.

మా తరం చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు చదివి పెరిగింది. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి, తన పేరైనా వేసుకోకుండా ఆయన ఎన్నో రాశారు. మాంత్రికులు, శిథిలాలయాలు, రాకాసిలోయలు... వాటిలో భయమంతా బయటే ఉండేది. వీరుడు కత్తి దూస్తే తీరిపోయేది.

గెడ్ కథ అలా కాదు. కంచరి కొడుకు, మేకలు కాసిన పిల్లవాడు, చామనఛాయ వాడు. మంత్రవిద్య నేర్పే బడిలో తోటివాడు ఎత్తిపొడిస్తే, హెచ్చులకు పోయి చనిపోయిన స్త్రీ ఆత్మను పిలుస్తాడు. ఆ చీలికలోంచి ఒక నీడ బయటపడి వాడి ముఖం చీరేస్తుంది. దాన్ని ఆపబోయి పెద్ద గురువు ప్రాణం పోగొట్టుకుంటాడు. అక్కణ్ణుంచి నీడ వాణ్ణి తరుముతూనే ఉంటుంది.

"అది వాడిదే కాబట్టి వదల్లేదురా" అన్నాను.

"మరి చంపేస్తాడా?"

"లేదు. తిరిగి నిలబడి, దాన్ని తన పేరుతోనే పిలుస్తాడు."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అటు తిరిగి అన్నాడు: "వాడి చెయ్యి అతుక్కుందంట పెద్దమ్మా."

ఈ పుస్తకంతో నాకూ ఒక పాత తగాదా ఉంది. గెడ్‌కు తొలి మంత్రం నేర్పింది వాళ్లమ్మ తోబుట్టువే. అయినా కథలో ఆడవాళ్ల మంత్రం చులకన. ఆ బడిలో అందరూ మగపిల్లలే. మొదటిసారి చదివినప్పుడు కోపమొచ్చింది. అయితే 22 ఏళ్ల తర్వాత, 1990లో, లెగ్విన్ 'తెహాను' రాసింది. అందులో కథను నడిపేది నడివయసు వితంతువు తేనార్, ఆమె చేరదీసిన, ఒళ్లు కాలిన చిన్నపిల్ల. శక్తులన్నీ పోయిన గెడ్ మళ్లీ మేకలు కాస్తాడు. తన హీరో చేసిన పనే రచయిత్రి కూడా చేసింది. తన రాతలోని నీడకు ఎదురు తిరిగి నిలబడింది.

మరి నేను? పితృస్వామ్యం గురించి క్లాసులో గంటలకొద్దీ చెప్తాను. సెలవులు అయిపోయాక వాణ్ణి దిగబెట్టడానికి బస్సెక్కాం. శిరివెళ్ల దాటాక ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పాను. చిన్నప్పుడు మా తమ్ముడు దెబ్బలు తిని ఏడుస్తూ ఇంటికొస్తే, గాజులు తొడుక్కో పో అని తలుపేసింది నేనే.

"నువ్వు కూడానా పెద్దమ్మా!"

"నేను కూడా."

ఆ మాట అన్నప్పుడు నా రెండు చేతులకూ గాజులే ఉన్నాయి.