కారు కింద రేకు మోత

ఇయ్యాల పంట ముచ్చట కాదు, బండి ముచ్చట. కానీ చివరికి గడ్డివాము కాడికే వస్తది, ఓపికతో చదువుండ్రి.

నా దగ్గర ఉన్నది 2006 ఆల్టో. నాలుగేండ్ల కింద సెకండ్ హ్యాండ్‌ల కొన్న. రెండు నెలల నుంచి కింద గలగల గలగల, ఖాళీ డబ్బాల గులకరాళ్లు పోసి ఊపినట్టు మోత. రోడ్డెక్కి స్పీడు పోతే తగ్గుతది, ఆగితే మళ్లా మొదలు. మా ఊర్ల ట్రాక్టర్లు బాగుచేసే పిలగాడు వంగి చూసి, "సైలెన్సర్ పైపు మీది రేకు ఊడింది కాకా, పీకి పారేస్తే సరి" అన్నడు. నాకూ అదే మంచిగ అనిపించింది. రేకు లేకుంటే బండి నడవదా ఏంది?

మా చిన్నోడు అశోక్‌నగర్‌ల రూము తీసుకొని గ్రూప్స్‌కు చదువుతున్నడు. మీలో కూడా శానా మంది పిల్లలు ఆ గల్లీలల్లనే ఉంటరు, మీకు చెప్పేదేముంది. పోయిన శనివారం 25 కిలోల బియ్యం, ఇంత పచ్చడి, రెండు సంచుల కూరగాయలు వేసుకొని బయల్దేరిన. ఉప్పల్, అంబర్‌పేట, బర్కత్‌పుర మీదుగ నారాయణగూడకు వచ్చేసరికి ట్రాఫిక్. ఫ్లైఓవర్ పక్కన బండి ఆగింది, మోత మాత్రం ఆగలే. పక్క బైకు మీదాయన హెల్మెట్ తీసి మరీ చూసిండు. సిగ్గయింది.

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ కాడ పిలగాన్ని ఎక్కించుకున్న. తొవ్వల ఏదో చెప్పిండు. మోతల సరిగ్గ వినపడక సరే సరే అన్న.

అశోక్‌నగర్‌ల ఒక గల్లీల పెద్దవయసు మెకానిక్ ఉంటే ఆపిన. "రేకు తీసెయ్యి" అన్న. ఆయన జాకీ పెట్టి, కింద స్టాండ్ కూడ పెట్టి లోపలికి దూరి, "మీరు బండి యాడ పెడ్తరు?" అని అడిగిండు. "వాకిట్ల, గడ్డివాము పక్కన" అన్న. ఏం మాట్లాడకుండ స్క్రూడ్రైవర్‌తోని కెలికి పిడికెడు వరిగడ్డి తీసి నా చేతుల పెట్టిండు. సగం పోసలు నల్లగ మాడి ఉన్నయి.

అప్పుడు సమజైంది. పెట్రోలు కార్లల్ల పొగను శుభ్రం చేసే డబ్బా ఒకటి ఉంటది, దాన్ని కన్వర్టర్ అంటరు. బండి నడిచేటప్పుడు అది 400, 500 డిగ్రీల దాకా కాగుతది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఎండుగడ్డి అంటుకునేటందుకు 300 డిగ్రీలు అయితే మస్తు. ఆ వేడి అటు కారు అడుగుకు, ఇటు కింది గడ్డికి తాకకుండ అడ్డం ఉండేది ఆ పలచటి రేకే. హార్వెస్టర్ల మీద పొట్టు పేరుకొని కాలిపోయిన సంగతులు మనం వింటనే ఉంటం. కారుకు కూడ గట్లనే అయితదని నాకు తట్టలే. ఎండకాలం వాకిట్ల పండుకునేది నేనూ, మా ఇంటామె. వాముకు పది అడుగుల దూరంల.

పని పెద్దదేం కాదు. బోల్టు కాడ రేకు తుప్పు పట్టి రంధ్రం పెద్దగైంది, అందుకే బోల్టు ఉన్నా రేకు ఆడుతుండె. అక్కడ పెద్ద వాషర్ వేసిండు. ఇంకో బోల్టు మొత్తమే విరిగింది, దాని బదులు మనం మోటరు పైపుకు వాడే స్టీలు క్లిప్పే, పెద్ద సైజుది, పైపు చుట్టూ తిప్పి బిగించిండు. మరీ బిగిస్తే పలచటి రేకు చిరుగుతదట. ప్లాస్టిక్ తాళ్లు, రబ్బర్లు కడితే కరిగిపోతయి. బైండింగ్ వైరు ఊరికి చేరేటందుకు పనికొస్తది, తర్వాత తుప్పు పట్టి తెగుతది. మొత్తం 300 రూపాయలు తీసుకున్నడు.

మీరు చూసుకోవాలంటే ఇంజన్ పూర్తిగ సల్లారినంక చూడుండ్రి. చేతితో మెల్లగ కొడితే ఏది ఆడుతుందో తెలుస్తది. వట్టి జాకీ మీద నమ్మకం పెట్టుకొని మాత్రం కిందికి దూరకుండ్రి.

బండి స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు. రూము దాకా పోంగ పిలగాడు మళ్లా చెప్పిండు: "వచ్చే నెల నుంచి సాయంత్రం పిల్లలకు ట్యూషన్ చెప్తున్న బాపూ, కిరాయి నేను కట్టుకుంట." పొద్దున నేను సరే సరే అన్నది దీనికి. చదువు ఆగదా అని అడిగిన. ఆగదు అన్నడు. ఇంకేం అడుగుత? బియ్యం సంచి మూడో అంతస్తు దాకా ఇద్దరం పట్టుకొని ఎక్కినం.

ఆ రాత్రి కారును బావి కాడి బండ మీద పెట్టిన. ఇప్పుడు అక్కడనే పెడుతున్న.