నీలం రిబ్బను పతకం

కొందరు సినిమా టిక్కెట్టు ముక్కలు దాచుకుంటారు. కొందరు అభిమాన తారల స్టిల్స్ ఆల్బమ్‌లో అతికించుకుంటారు. నాకూ ఓ పిచ్చి ఉంది లెండి! జర్మన్ సైన్యం తన సిపాయిలకు 'ఇన్నేళ్ళు కొలువు చేశావు' అంటూ ఇచ్చిన పాత పతకాలు పోగేస్తాను.

"శౌర్య పతకాలా?" అంటారు మిత్రులు. కాదండీ! 1977లో వచ్చిన 'క్రాస్ ఆఫ్ ఐరన్' చూశారా? అందులో మాక్సిమిలియన్ షెల్ వేసిన కెప్టెన్ ఐరన్ క్రాస్ కోసం ఎన్ని నాటకాలాడతాడో! శౌర్యానికిచ్చే పతకం మీద సినిమా తీయొచ్చు. నా పతకాల మీద ఎవరు తీస్తారు? పొద్దున్నే లేచి, బూట్లు తుడుచుకుని, కాపలా కాసి, కాలెండరు కాగితాలు చింపుకున్నందుకు ఇచ్చినవి ఇవి. ఇరవై ఏళ్ళు గుంపు సీన్లలో నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టుకు షీల్డు ఇచ్చినట్టన్నమాట!

ప్రష్యాలో ఈ ఆనవాయితీ 1825లో మొదలైంది. సిపాయిలకు 9, 15, 21 ఏళ్ళకు రిబ్బను మీద బిగించే చిన్న పలక ఇచ్చేవారు. ఆఫీసర్లకు 25 ఏళ్ళకు శిలువ. 1913లో సిపాయిల పలకలు పోయి, వాటి చోట పతకాలూ శిలువా వచ్చాయి.

నా పెట్టెలో నన్ను ఆలోచనలో పడేసేది మాత్రం ఒక్కటే. 1936 మార్చిలో హిట్లర్ ప్రభుత్వం పెట్టిన వరసలోది. 4 ఏళ్ళకు వెండి రంగు పతకం, 12 ఏళ్ళకు బంగారు రంగుది, 18కీ 25కీ శిలువలు. నాది 12 ఏళ్ళది. నీలం రిబ్బను. ముందువైపు నాజీ స్వస్తిక్‌తో గద్ద, చుట్టూ 'సైన్యంలో నమ్మకమైన సేవ' అని అర్థమిచ్చే జర్మన్ మాటలు. వెనకవైపు ఓక్ ఆకుల దండ మధ్య 12 అంకె. ఎవరిదో తెలియదు, పేరు లేదు.

కాస్త లెక్క వేయండి. 1936లో పన్నెండేళ్ళు నిండినవాడు 1924లో చేరి ఉండాలి. అప్పుడు జర్మనీ రిపబ్లిక్. 1919 నాటి వెర్సాయ్ సంధి ప్రకారం సైన్యం లక్ష మందికి మించరాదు, చేరిన సిపాయి పన్నెండేళ్ళు ఉండి తీరాలి. హిట్లర్ గద్దెనెక్కింది 1933లో! 1934 ఆగస్టులో సైనికులందరి చేతా అతని పేరు మీద ప్రమాణం చేయించారు. అంటే, ఆ సిపాయి రిపబ్లిక్‌కు కాపలా కాసిన తొమ్మిదేళ్ళ మీదా కొత్త యజమాని ముద్రే పడిందన్నమాట. నమ్మకమైన సేవ సరే... ఎవరికి?

చదువు, పరిశోధన, కళ వంటి అవసరాలకు తప్ప ఆ గుర్తును బహిరంగంగా చూపడం జర్మనీలో నేరం. నేనూ దీన్ని గోడకు తగిలించను. పెట్టెలో అంకె పైకి ఉండేలా పెడతాను. చూస్తామన్నవాళ్ళకు మాత్రం రెండువైపులా తిప్పి చూపిస్తాను. అంకె ఒక్కటే చూపిస్తే సిపాయి మీద జాలేస్తుంది, గద్ద ఒక్కటే చూపిస్తే కోపమొస్తుంది. రెండూ ఆ మనిషివే మరి!

ఈసారి యుద్ధం సినిమాలో గుండెల నిండా పతకాలతో ఎవరైనా కనిపిస్తే ఐరన్ క్రాస్ దగ్గరే ఆగిపోకండి. పక్కన నీలం రిబ్బను ఉందేమో చూడండి. ఉంటే, అతను ఏ సంవత్సరంలో కొలువులో చేరాడో లెక్క కట్టండి!