ఈ డబ్బాలో ఇంతకుముందు ఏముండేది?

వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లలకు చేతినిండా పని కల్పించడం తల్లిదండ్రులకు పెద్ద సమస్యే. నంద్యాలలోను, ఆళ్లగడ్డలోను వేసవి బైబిలు బడి జరిగే రోజుల్లో మేము దంపతులము మధ్యాహ్నం పూట పిల్లలను కూర్చోబెట్టి, పాత సామానుతో అందమైన డబ్బాలు, బుట్టలు చేయిస్తుంటాము. దీనికి ఖర్చు లేదు. ఖాళీ హార్లిక్స్ సీసా, కొబ్బరిచిప్ప, పాత శుభలేఖలు, దినపత్రికలు ఉంటే చాలు.

పిల్లలు ఎక్కువగా ఇష్టపడేది కాగితపు గుజ్జు బుట్ట. ఇది మన అమ్మమ్మల నాటి పనే. పాత కాగితాలు చింపి రెండు మూడు రోజులు నానబెట్టాలి. నీరు పిండి, నానిన మెంతులు కలిపి మెత్తగా రుబ్బాలి. బోర్లించిన గిన్నెపై తడిగుడ్డ పరచి, ఆ గుజ్జును వ్రేలి మందాన అద్ది ఎండబెట్టాలి. మన ఎండలకు కొద్ది రోజుల్లోనే గట్టిపడుతుంది. శుభలేఖల్లోని పూలు కత్తిరించి పైన అంటిస్తే ముచ్చటైన బుట్ట తయారు. మెంతుల చేదుకు పురుగు పట్టదని పెద్దలంటారు. అంటించడానికి ఉడికించిన మైదా జిగురు చాలు. అందులో మైలతుత్తం కలపడం కొందరికి అలవాటు. అది విషం గనుక మేము కలపనివ్వము.

ఒక వేసవిలో ఆళ్లగడ్డలో ఒక బాబు అందరికంటె మంచి డబ్బా తెచ్చాడు. తెల్లని గట్టి ప్లాస్టిక్, బిగువైన మూత. త్రిప్పి చూస్తే సగం చిరిగిన చీటీ మీద ఎర్రని త్రికోణం కనిపించింది. అది పురుగుమందు డబ్బా! సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లాము.

"ఎన్నోసార్లు సబ్బుతో కడిగినాను అయ్యగారూ, వాసన కూడా లేదు. ఇంకొకదాంట్లో కందిపప్పు పోసుకున్నాము" అన్నది తల్లి.

ఆమెను తప్పుపట్టలేము. కె.సి. కాలువ క్రింద వరి, నల్లరేగడిలో పత్తి, శనగ పండించే ఇళ్లలో ఇటువంటి ఖాళీ డబ్బాలు తరచుగా కనబడతాయి. గట్టి డబ్బాను పారవేయడానికి పేదవారికి మనసొప్పదు. కాని ప్లాస్టిక్‌లోకి ఇంకిన మందు కడిగినంత మాత్రాన పూర్తిగా పోతుందని నమ్మలేము.

పురుగుమందు చీటీపై మూలమీద నిలబెట్టిన చతురస్రం ఉంటుంది. దాని క్రింది సగంలోని రంగు విష తీవ్రతను తెలుపుతుంది. ఎరుపు అత్యంత తీవ్రమైనది. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే విషం తక్కువని మాత్రమే, లేదని కాదు. ఖాళీ డబ్బాలు మరల వాడకుండా పగులగొట్టి, నివాసాలకు దూరంగా పాతిపెట్టాలని 1971 నాటి పురుగుమందుల నియమాలు చెబుతున్నాయి.

ఆ తల్లి పప్పువైపు చాలాసేపు చూసింది. రెండు వారాల కూర అది. చివరకు ఏమీ అనకుండా లేచి పప్పు పారబోసింది. తండ్రి రెండు డబ్బాలూ పగులగొట్టి, బావికీ కాలువకూ దూరంగా పాతిపెట్టాడు. మరునాడు బాబు మేమిచ్చిన హార్లిక్స్ సీసాకు రంగు కాగితాలు అంటించి, అమ్మకు పప్పుడబ్బా చేసి ఇచ్చాడు.

ఆళ్లగడ్డ శిల్పులకు పేరుపొందిన ఊరు. శిల్పి ఉలి పెట్టకముందే రాతిని తట్టి చూస్తాడు. లోపల పగులుంటే పైన ఎంత చెక్కినా ప్రయోజనం లేదు. అందుచేత ప్రియ తల్లిదండ్రులారా, ఈ వేసవిలో మీ బిడ్డలతో తప్పక డబ్బాలు చేయించండి. అయితే కత్తెర, జిగురు ఇవ్వకముందు "ఇందులో ఇంతకుముందు ఏముండేది?" అని అడగడం నేర్పండి. జవాబు తెలియని డబ్బా ఎంత అందంగా ఉన్నా ఇంట్లోకి రానివ్వకండి.