హ్యాంగరు తలుపు

పిల్లలూ! జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ అనే పేర్లు మీరు వినే ఉంటారు. ఒకప్పుడు తెలుగు సినిమాలు చాలావరకు మద్రాసులో తయారయ్యేవి. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు ఈ ప్రాంతపు బండలమధ్య అన్నపూర్ణా స్టూడియో తెరిచారు. తరువాత రామానాయుడుగారి స్టూడియో ఫిల్మ్ నగర్‌లో వెలిసింది. ఇప్పుడు ఇక్కడ సినిమావాళ్ళ ఇల్లు లేని వీధి అరుదు.

స్టూడియోలో సినిమా తీసే పెద్ద శాలను ‘ఫ్లోరు’ అంటారు. దాని మధ్య ఒక్క స్తంభం కూడా ఉండదు. సెట్టింగుల సామాను తెచ్చే లారీ లోపలికి పోయేటంత పెద్ద తలుపు ఉంటుంది. మా పక్కింటి కుర్రవాడు ఒకనాడు ఆ తలుపు చూసి వచ్చి, “తాతయ్యా, ఇంతకంటె పెద్ద తలుపు ఎక్కడైనా ఉంటుందా?” అని నన్ను అడిగాడు.

ఉండకేం! విమానాలను నిలిపి ఉంచే శాలను హ్యాంగరు అంటారు. హ్యాంగరు తలుపు ముందు ఈ తలుపు చిన్నబిడ్డ. ప్రపంచంలోకల్లా ఎత్తైన తలుపులు అమెరికాలో, రాకెట్లను నిలబెట్టి కూర్చే ఒక భవనానికి ఉన్నవి. వాటి ఎత్తు 456 అడుగులు. ఒక్కసారి తెరవటానికి ముప్పావుగంట పడుతుంది!

హ్యాంగరుకూ ఫ్లోరుకూ దగ్గర చుట్టరికం ఉన్నది. రెండింటికీ స్తంభాలు లేని విశాలమైన చోటు కావాలి. ఇంగ్లండులో కార్డింగ్టన్ అనేచోట వెనుకటి రోజుల్లో ఆకాశనౌకలకోసం పెద్ద షెడ్డు కట్టారు. 2005లో విడుదలైన ఒక బ్యాట్‌మన్ సినిమాకు ఆ షెడ్డులోనే సెట్టింగులు వేశారు. అయితే తలుపుల పని మాత్రం వేరు. ఫ్లోరు తలుపు బయటి చప్పుడును ఆపాలి. హ్యాంగరు తలుపు గాలిని ఆపాలి. ఈ రెండోది ఎంత కష్టమో, అటువంటి తలుపులను బాగుచేయించటమే వృత్తిగా గల నాకు బాగా తెలుసు.

మొదట కొలతల సంగతి చెబుతాను. ఫిల్మ్ నగర్‌కు ఎంతో దూరంలేని బేగంపేటలో నిజాం కాలంనాటి విమానాశ్రయం ఉన్నది. 1946 నుంచి దక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటా విమానాలు అక్కడినుంచి ఎగిరేవి. 2008 మార్చిలో శంషాబాదులో కొత్త విమానాశ్రయం తెరవగానే ప్రయాణీకుల విమానాలు అక్కడికి తరలిపోయినవి. డకోటా రెక్కల ఈ కొసనుంచి ఆ కొసకు 95 అడుగులు, ఎత్తు సుమారు 17 అడుగులు. ఈనాడు మనం తరచు ఎక్కే ఎయిర్‌బస్ ఎ-320 విమానం తోక ఎత్తు 38 అడుగుల పైచిలుకు. కనుక తలుపు మార్చాలని ఎవరైనా అంటే, “ఇకమీద లోపలికి వచ్చే విమానం ఏది?” అని మొదట అడగాలి. తలుపు కొలత గోడను చూసి తీసుకోరు, విమానాన్ని చూసి తీసుకుంటారు.

కొన్ని సంవత్సరాల క్రితం మార్చి నెలాఖరులో ఒక హ్యాంగరువారు నాకు కబురు చేశారు. వారి పేరు మనకు అనవసరం. లోపల చిన్న శిక్షణ విమానాలు ఉన్నవి. తలుపుకు ఆరు ఇనుప రెక్కలు. ఒక్కొక్కటి 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల ఎత్తు, మూడు టన్నుల బరువు. కింద చక్రాలమీద, పట్టాల వెంట అవి పక్కకు జరుగుతవి. పైన వాటిని పడిపోకుండా పట్టుకునే గాడి ఉన్నది. పూర్వం ఇద్దరు మనుషులు చేతులతో తోసేవారట. క్రమంగా నలుగురు కావలసివచ్చింది, తరువాత ఎనిమిదిమంది. చివరకు ట్రాక్టరు కట్టి లాగారు. ఇనుపతాడు పుటుక్కున తెగి కొరడాలాగా ఎగిరింది. అదృష్టవశాత్తూ ఆ పక్క మనిషి లేడు. ఒక రెక్క పైగాడిలోనుంచి సగం జారి, వాలి నిలబడింది. తలుపు ఇటు మూతపడదు, అటు తెరుచుకోదు.

“ఇది ముసలి తలుపండీ. మొత్తం తీసేసి కొత్తది పెట్టిస్తాం. కొత్తది రావటానికి ఆరు నెలలు పడుతుంది. అందాకా ఇట్లాగే ఉంటుంది,” అన్నారు వాళ్ళు.

అందాకా ఉండనిచ్చేది వాళ్ళు కాదు, గాలి! ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులో సాయంకాలం హఠాత్తుగా ఈదురుగాలులు లేస్తవి కదా. హైదరాబాదులో కట్టే పెద్ద కట్టడాలు గంటకు సుమారు 158 కిలోమీటర్ల వేగంగల గాలికి తట్టుకోవాలని ఇంజనీర్లు లెక్కవేస్తారు. అంతటి గాలి ఎదురుగా కొడితే చదరపు అడుగుకు సుమారు 11 కిలోల తోపు. రెక్క వైశాల్యం 600 చదరపు అడుగులు. ఇక మీరే హెచ్చవేయండి: 6,600 కిలోలు! గాలివేగం సగమైతే తోపు సగం కాదు, నాలుగో వంతవుతుంది. అప్పుడు కూడా 1,650 కిలోలు. సగం జారిన రెక్కను పడవేయటానికి అది చాలదూ?

అంతకంటె పెద్ద అపాయం మరొకటి ఉన్నది. గాలివానలో మీ గొడుగు తిరగబడటం చూశారా? తెరిచిన తలుపులోనుంచి దూరిన గాలి కప్పును కిందనుంచి పైకి నెడుతుంది. కప్పుమీదుగా పోయే గాలి దాన్ని పైకి పీలుస్తుంది. రెండూ కలిస్తే కప్పు లేచిపోవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు అక్కడి విమానాశ్రయపు కప్పే దెబ్బతిన్నది. గాలి ముందు ఇనుము కూడా ఆకే సుమా!

అందుచేత మేము పనిని రెండు భాగాలు చేశాము. ఈదురుగాలులు రాకముందు తలుపు మూసి కట్టివేయటం మొదటిది. వానలు వెళ్ళిన తరువాత, కార్తీకంలో, నిదానంగా బాగుచేయటం రెండోది.

విమానాలన్నిటినీ బయటికి తీసి వేరేచోటికి పంపాము. వాలిన రెక్క చుట్టూ తాడు కట్టి, దాని నీడలోకి ఎవరూ రాకుండా కాపలా పెట్టాము. క్రేనుతో రెక్కను పట్టి ఉంచి, తిరిగి గాడిలోకి ఎక్కించి, ఆరు రెక్కలనూ మూసి, నేలలో పాతిన కొక్కేలకు బిగించాము. మే నెల గాలులు వచ్చి, తలుపును గడగడలాడించి, వెళ్ళిపోయినవి. ఏమీ కాలేదు.

కార్తీకంలో అసలు పని మొదలైంది. మాతో ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. అతను సుత్తితో ప్రతి రెక్కనూ అడుగడుగునా తట్టి వింటూ పోయాడు. మంచి ఇనుము ‘ఠంగ్’మంటుంది. తుప్పు తిన్న ఇనుము ‘బద్’మంటుంది. ఐదు రెక్కలు ఠంగ్‌మన్నవి. తూర్పుచివర రెక్క అడుగుభాగం మాత్రం బద్‌మన్నది. “అయ్యగారూ, తలుపు ముసలిది కాదండి. దాని కాళ్ళే బాగాలేవు,” అన్నాడు మేస్త్రీ.

తరువాత నీళ్ళు పోసిన పొడుగాటి ట్యూబుతో పట్టా మట్టం చూశాము. తూర్పుకొస ఒకటిన్నర అంగుళం కిందికి దిగి ఉన్నది. ఎందుకు దిగింది? సరిగ్గా అక్కడే కప్పుమీది వాననీళ్ళు దిగే గొట్టం పగిలి ఉన్నది. ఏటేటా నీళ్ళు అక్కడే పడి, పట్టా కింది మన్ను కొట్టుకుపోయింది. పట్టా కుంగింది. చక్రాలలో బురద చేరి బేరింగులు పట్టేసినవి. ఆ పట్టామీద కొత్త తలుపు పెట్టినా నాలుగేళ్ళకు అదే కథ అయ్యేది. గొట్టం పగిలినప్పుడే చూసుకుని ఉంటే, చిన్న ఖర్చుతో పోయేది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవటమంటే ఇదే.

ముందు గొట్టం బాగుచేశాము. తరువాత కుంగినచోట కాంక్రీటు వేసి పట్టాను సమంచేశాము. అన్ని చక్రాలూ మార్చాము. ఒకే ఒక్క రెక్క కొత్తది చేయించాము. ఎప్పుడూ ఒక రెక్కకు మించి విప్పలేదు. విప్పినచోట సాయంకాలానికల్లా ఇనుపరేకులు బిగించేవాళ్ళం, రాత్రిపూట గాలి లేస్తే హ్యాంగరు నోరు తెరుచుకుని ఉండకూడదు కదా!

మంచి పట్టామీద, మంచి చక్రాలమీద, మూడు టన్నుల రెక్కను కదపటానికి సుమారు 60 కిలోల తోపు చాలు. పని పూర్తయిననాడు ఎప్పటినుంచో ఆ తలుపు తోసే ఇద్దరు మనుషులే వచ్చి చేతులు ఆన్చారు. రెక్క చప్పుడు లేకుండా జరిగింది. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. ట్రాక్టరు తిరిగి పొలంపనికి పోయింది.

పిల్లలూ, మీ ఇంట్లో ఏ తలుపైనా గడపకు ఒరుసుకుంటుంటే, చిత్రికపట్టి కొసలు చెక్కించేముందు కారణం వెదకండి. బందుల మరలు వదులైనవేమో, వానకు చెక్క ఉబ్బిందేమో, గడపే కుంగిందేమో చూడండి. తెల్లని ప్లాస్టిక్ ట్యూబులో నీళ్ళు పోసి గడప రెండు కొసలవద్ద పట్టుకుంటే, ఏ కొస కిందికి ఉన్నదో నీళ్ళే చెబుతవి. ట్యూబులో గాలిబుడగలు లేకుండా మాత్రం చూసుకోండి. ఉంటే నీళ్ళు అబద్ధం చెబుతవి!