అగస్త్యుడు కనిపించే ఊరు

న్యూజెర్సీలో అగస్త్య నక్షత్రం ఉదయించదు. ఎంత చీకటి రాత్రైనా, ఎంత ఖరీదైన టెలిస్కోపు పెట్టినా అంతే. ఆకాశంలో సిరియస్ తర్వాత అంతగా వెలిగే నక్షత్రం మరొకటి లేదు. అయినా నలభయ్యో అక్షాంశం దగ్గర నిలబడిన మనిషికి అది క్షితిజానికి దాదాపు మూడు డిగ్రీల కిందనుంచే దాటిపోతుంది. అదే తునిలో అయితే, సంక్రాంతి రోజుల్లో రాత్రి పదకొండు కావస్తుండగా ఇంటి డాబా ఎక్కి దక్షిణానికి తిరిగితే చాలు. చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే, రెండో పిడికిలి అంచున తెల్లగా వెలుగుతూ ఉంటుంది. దాన్ని చూడటానికి పరికరమేదీ అక్కర్లేదు.

ఈ కాలమ్ రాసే మనిషిది తుని. ఉద్యోగం, కాపురం న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. ఆకాశాన్ని ఫొటోలు తీసే అలవాటు అక్కడే అంటుకుంది. ఇంటి వెనక స్థలంలో మొదలైంది గానీ, న్యూయార్కు వెలుగు మీద పడే ఆ ఆకాశంలో చంద్రుడు, గురుడు, శని తప్ప పెద్దగా ఏమీ చిక్కవు. పాలపుంత కావాలంటే పెన్సిల్వేనియాలోని చెర్రీ స్ప్రింగ్స్ పార్కు దాకా గంటల తరబడి కారు నడపాలి. 2008లో అంతర్జాతీయ చీకటి ఆకాశ పార్కుగా గుర్తింపు పొందిన చోటు అది. చుట్టూ అడవి. మైదానంలో తెల్ల దీపం వెలిగించకూడదు. ఎర్ర దీపాలు మాత్రమే. చీకటికి అలవాటు పడిన కంటిని ఒక్క హెడ్‌లైటు చెడగొడితే, మళ్లీ పూర్తిగా తేరుకోవడానికి అరగంట పడుతుంది. అక్కడి వాళ్లు ఒకరి చీకటిని ఒకరు కాపాడుకునే తీరు చూసి అతనికి ముచ్చటేసింది. చీకటి కూడా ఊరుమ్మడి ఆస్తేనని అతనికి అర్థమైంది ఆ మైదానంలోనే.

ఇంత చీకట్లోనూ అగస్త్యుడు లేడు. దక్షిణాకాశపు త్రిశంకు నక్షత్రాలు లేవు. మన పాలపుంత చుట్టూ తిరిగే గోళాకార తారాగుచ్ఛాలన్నిటిలోకీ పెద్దదైన ఒమేగా సెంటారీ చెర్రీ స్ప్రింగ్స్‌లో క్షితిజం మీద ఒక డిగ్రీ కూడా లేవదు. కోటి నక్షత్రాల ముద్ద అది. పదిహేడు వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. తునిలో అది పాతిక డిగ్రీల ఎత్తుకు వస్తుంది. చిన్నప్పుడు ఏ డాబా మీద బొంత పరుచుకుని పడుకున్నాడో ఆ డాబా మీదినుంచే ఇదంతా కనిపించేదని, సముద్రాలు దాటి వెళ్లి చార్టులు ముందేసుకున్నాక గానీ అతనికి తెలియలేదు. అప్పటినుంచి శీతాకాలం సెలవులకు ఊరొస్తే సామానులో ఒక టెలిస్కోపు ఉంటోంది.

సామాను సర్దడమే ఒక ప్రయాణమంత పని. లిథియం బ్యాటరీలు చెకిన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే తేవాలి. వంద వాట్ అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. నూట అరవై దాటితే ప్రయాణికుడి వెంట రానే రానివ్వరు. ఎక్స్‌రే తెర మీద టెలిస్కోపు గొట్టం కనబడిన ప్రతిచోటా సంచి విప్పి చూపించాలి. చూపించాక మాత్రం, అధికారి ఎవరైనా సరే, మరో ప్రశ్న అడగకుండా వదలడు: దీంట్లో చంద్రుడు ఎంత కనబడతాడు?

తుని చేరాక అసలు కష్టం టెలిస్కోపును మోస్తూ తిప్పే మౌంటుతో. భూమి తిరగడం వల్ల ఆకాశం గంటకు పదిహేను డిగ్రీలు జరిగిపోతుంది. నిమిషాల తరబడి లెన్సు తెరిచి ఉంచే కెమెరా ఆ జరుగుడును వెంబడించకపోతే నక్షత్రాలన్నీ గీతలైపోతాయి. అందుకు మౌంటు ఇరుసు సరిగ్గా ఉత్తర ధ్రువం వైపు చూడాలి. న్యూజెర్సీలో ధ్రువ నక్షత్రం నలభై డిగ్రీల ఎత్తున, ఇళ్ల కప్పుల మీద హాయిగా కనబడుతుంది. తునిలో పదిహేడు డిగ్రీలే. తాటిచెట్ల తలల్లోనో, కొండ వాలు మీది మంచులోనో దాక్కుంటుంది. ఉత్తర దేశాల వాళ్లు ఎక్కువగా వాడే మౌంటును అంత కిందికి వంచితే కౌంటర్‌వెయిట్ ఊచ వెళ్లి స్టాండు కాలికి తగులుతుంది. స్టాండు కాళ్లను తిప్పి పెట్టాలి, ఉత్తరపు కాలి పొడవు సరిచూసుకోవాలి. మన అక్షాంశంలో పని చేసేవాడు ఈ చిట్కాలన్నీ తనంతట తానే పట్టుకోవాలి.

చోటు మాత్రం దేవుడిచ్చినట్టు దొరికింది. తునికి దక్షిణాన, తొండంగి మండలంలో పెరుమాళ్లపురం, దానవాయిపేట వైపు తీరం ఉంది. అక్కడ నిలబడి దక్షిణానికి తిరిగితే ఎదురుగా బంగాళాఖాతం తప్ప మరేమీ లేదు. నైరుతి మూల కాకినాడ వెలుగు, దూరంగా వేట పడవల దీపాలు. మిగతా అంతా నలుపే. క్షితిజానికి దగ్గరగా ఉన్న నక్షత్రాన్ని చూడాలంటే ఇలాంటి చోటే కావాలి. పన్నెండు డిగ్రీల ఎత్తున ఉన్న త్రిశంకు వెలుగు మన కంటికి చేరేలోపు, నడినెత్తిన ఉన్న నక్షత్రపు వెలుగు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. ఆ గాలిలో ఉప్పు తేమ, పొగ. అందుకే ఫొటోలో రంగు కాస్త ఎర్రబడుతుంది. వందల ఫొటోలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు కడితే తప్ప మచ్చలు పోవు. లెన్సు మీద మంచు పేరుకోకుండా సన్నగా వేడెక్కే పట్టీ చుట్టాలి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మంచు కెమెరా మీద నీళ్లలా కారుతుంది. అప్పుడు తల్లి నుంచి ఫోను: ‘ఒరేయ్, ఆ మంచులో కూచుంటే జలుబు చెయ్యదూ? నెత్తిన తువ్వాలైనా కట్టుకున్నావా?’

ఈ తీరంలోనూ ఎర్ర దీపమే వాడాలి, అందుకు మరో కారణం కూడా ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఇసుక మీదికి వస్తాయి. తెల్లటి వెలుగు వాటిని, పుట్టిన పిల్లలను దారి తప్పిస్తుంది. ఒడ్డున లైట్లకు పైకప్పు పెట్టి కాంతి నేల మీదికే పడేలా చేస్తే తాబేలుకూ మేలు, ఆకాశానికీ మేలు. ఖర్చు పెద్దదేమీ కాదు. పంచాయతీలు పట్టించుకోవాల్సిన విషయం ఇది.

భోగి నాటి తెల్లవారుజాము ఈ పనికి ప్రత్యేకం. ఊళ్లో భోగి మంటలు వేసే వేళకు, అంటే అయిదు గంటల ప్రాంతంలో, త్రిశంకు సరిగ్గా దక్షిణాన నిటారుగా నిలబడుతుంది. ఒమేగా సెంటారీ దానికి ఎడమ పక్కన కాస్త ఎత్తున ఉంటుంది. తర్వాత ఇరవై నిమిషాల్లోనే తూరుపు తెల్లబారడం మొదలవుతుంది. ఆ కాస్త వ్యవధిలో తీసిన ఫొటోలో గుచ్ఛం అంచులు ఇసుక రేణువుల్లా విడివిడిగా తేలాయి. కెమెరా వెనక తెర మీద అది చూసినప్పుడు అతను పెద్దగా కేక వేశాడు. వలలు సర్దుకుంటున్న జాలరి ఒకాయన పరుగున వచ్చాడు. ‘ఏటండి బాబూ, ఏటయ్యింది?’ చూపించాక ఆయన చాలాసేపు తెర వదల్లేదు. వేగుచుక్క ఎటు పొడుస్తుందో, పిల్లలకోడి ఎప్పుడు వాలుతుందో చేతితో చూపిస్తూ చెప్పుకుపోయాడు. యాప్ తెరవనక్కర్లేని మనిషి ఆయన.

ఊళ్లో జనానికి శని గ్రహాన్ని చూపిస్తామంటే కొందరు వెనకడుగు వేస్తారు, శని దృష్టి మన మీద పడుతుందని. వాళ్లను నొప్పించకుండా పిల్లలకు ముందు చూపించాలి. పిల్లలు ‘ఉంగరం, ఉంగరం’ అని అరిచాక పెద్దవాళ్లూ కంటిని గొట్టానికి ఆనిస్తారు. ఆ ఉంగరం కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2025 మార్చిలో వలయాల అంచు సరిగ్గా మన వైపు తిరిగింది. అవి సన్నని గీతగా మారాయి. మళ్లీ కొన్నేళ్లు క్రమంగా విచ్చుకుంటూ వస్తాయి.

ఇదంతా కొత్తగా విదేశాల నుంచి దిగుమతి అయిన సరదా అనుకుంటే పొరపాటు. తునికి నూరు కిలోమీటర్ల దూరంలో, విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో, 1840లోనే ఒక సొంత వేధశాల ఉండేది. గోడె వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసు వేధశాల అధిపతి టేలర్ దగ్గర ఖగోళం నేర్చుకుని, సొంత డబ్బుతో దాన్ని కట్టాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కర్ర నిలబెట్టి ఊరికి సరైన సమయం తెలిసే ఏర్పాటు చేశాడు. 1856లో ఆయన పోయాక ఆ బాధ్యత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు మీద పడింది. ఆయన డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకుని మరీ టెలిస్కోపుల వైపు వచ్చాడు. ఇంగ్లండు నుంచి కుక్ కంపెనీ వారి ఆరంగుళాల టెలిస్కోపు తెప్పించాడు. 1871లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ను ఫెలోగా తీసుకుంది.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లటి చుక్కగా దాటాడు. సూర్యుడు భూమికి ఎంత దూరమో లెక్క కట్టడానికి ఆ ఘటన ఉపయోగపడుతుందని దేశదేశాల నుంచి ఓడలు, పరికరాలు, శాస్త్రవేత్తలు బయల్దేరారు. విశాఖలో నరసింగరావు తన డాబాలోనే ఉండి, తన టెలిస్కోపుతో దాన్ని పరిశీలించి ఆ వివరాలు లండన్‌కు పంపాడు. విశాఖలోని మిసెస్ ఏవీఎన్ కాలేజీలో చదివిన తునివాళ్లు ఎందరో ఉన్నారు. ఆ పేరులోని ఏవీఎన్ ఈయనే. కాలేజీకి ఆస్తి ఇచ్చిన మిసెస్, ఆయన భార్య అచ్చయ్యమ్మ. ఆకాశం చూసిన మనిషిగా మాత్రం ఆయన్ను ఆ కాలేజీ గేటు దాటే పిల్లలకు ఎవరూ పరిచయం చెయ్యడం లేదు. ఇది ఈ కాలమిస్టుకు నిజంగా బాధ కలిగించే సంగతి. ఆరంగుళాల టెలిస్కోపు నేడు ఔత్సాహికుల ఇళ్లలో మామూలు. నూట యాభై ఏళ్ల క్రితం మన తీరంలో దాన్ని నిలిపి, అంతర్జాతీయ పత్రికకు ఫలితాలు పంపడం మామూలు కాదు.

అలాంటి శుక్ర సంక్రమణం మొన్న 2012లో వచ్చింది. అమెరికా తూర్పు తీరంలో జూన్ 5 సాయంత్రం మొదలై, పూర్తి కాకుండానే సూర్యుడు అస్తమించాడు. తునిలో జూన్ 6న పొద్దు పొడిచేసరికి శుక్రుడు సూర్యుడి మీద ఉన్నాడు. లెక్క వేస్తే అటు ఎడిసన్‌లో దిగుతున్న సూర్యుడు, ఇటు తునిలో ఎక్కుతున్న సూర్యుడు ఇరవై నిమిషాలకు పైగా ఏకకాలంలో ఆకాశంలో ఉన్నారు. అంటే రెండు ఊళ్లూ ఒకే చుక్కను ఒకే సమయంలో చూసే వీలున్న రోజు అది. మళ్లీ శుక్ర సంక్రమణం 2117లో గానీ రాదు.

ఫొటోల మాటకొస్తే గుంటూరును తలుచుకోవాలి. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం మన నేల మీదుగా సాగింది. మద్రాసు వేధశాల నుంచి పోగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. అదే వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లాడు. గుంటూరులో ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్, మేజర్ టెన్నంట్ చెరో బృందంతో మకాం వేశారు. టెన్నంట్ మనుషులు వాడినవి తడి ప్లేట్లు. గాజు పలక మీద రసాయనం పూసి, అది ఆరకముందే కెమెరాలో పెట్టి, వెలుగు పడిన వెంటనే చీకటి గదికి పరుగెత్తి కడగాలి. ఆగస్టు ఉక్కలో, మబ్బుల మధ్య, అయిదు నిమిషాల పైచిలుకు చీకటిలో ఆరు ప్లేట్లు తీశారు. ఇవాళ ఒక్క సెకనులో కెమెరా తీసే ఫొటోలు అన్ని ఉంటాయి. అయినా ఆ ఆరు చేసిన పని చిన్నది కాదు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలలు వాటిలో నిలిచాయి. జాన్సెన్ ఆ జ్వాలల వెలుగును వర్ణపటదర్శినిలో చూసి, ఇంత ప్రకాశం ఉన్నవి గ్రహణం లేకపోయినా కనబడాలని పట్టుకున్నాడు. మర్నాడే గుంటూరులో ఎండ కాస్తుండగా చూసి రుజువు చేసుకున్నాడు. ఆ ఏడాది సూర్యుడి వెలుగులో గుర్తించిన పసుపు గీత వెనక ఉన్న మూలకమే హీలియం. భూమి మీద అది దొరకడానికి 1895 దాకా పట్టింది.

2024 ఏప్రిల్ 8న డాలస్ మీదుగా సంపూర్ణ గ్రహణం వెళ్లినప్పుడు, వేల తెలుగు కుటుంబాలు ఆ నీడ కిందే ఉన్నాయి. నడి నగరంలో చీకటి దాదాపు నాలుగు నిమిషాలు. ఇంట్లో తలుపులు వేసుకున్నవాళ్లు కొందరు, పిల్లల చేతికి గ్రహణం కళ్లజోళ్లు ఇచ్చి పార్కులకు వచ్చినవాళ్లు కొందరు. గ్రహణం విడిచాక స్నానం చేయడమూ, గ్రహణం పట్టినప్పుడు తల ఎత్తి చూడటమూ ఒకే ఇంట్లో జరగొచ్చు. రెంటికీ తగవు లేదు. పంచాంగాన్ని ప్రత్యక్ష పరిశీలనతో సరిచేయాలని వాదించి దృగ్గణిత పంచాంగం వేసిన రఘునాథాచారి ఆ దారి ఎప్పుడో చూపించాడు.

టెలిస్కోపు లేకుండా తునిలో చేయదగ్గ పని ఒకటుంది. భారత ప్రామాణిక సమయాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల తూర్పు రేఖ అన్నవరానికీ తునికీ నడుమ నుంచి పోతుంది. అందుకే తునివాళ్ల గడియారానికీ, వాళ్ల నెత్తిమీది సూర్యుడి వేళకు ఏడాది మొత్తం మీద కట్టిన సగటుకూ తేడా పన్నెండు సెకన్లే. ఏటా మే 9 ప్రాంతంలో సూర్యుడు ఈ ఊరి నడినెత్తి మీదికి వస్తాడు. ఆరోజు చదునైన నేల మీద ఒక కర్రను నిట్టనిలువుగా పాతి, పదకొండున్నర నుంచి నీడ కొసన సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటూ పోవాలి. సరిగ్గా 11 గంటల 56 నిమిషాల వేళ గుర్తు పెట్టడానికి నీడ ఉండదు. ఆగస్టు 3 ప్రాంతంలో 12 గంటల 6 నిమిషాలకు మళ్లీ అదే జరుగుతుంది గానీ, అది మబ్బుల కాలం. మే నెలనే నమ్ముకోవాలి. బడులకు సెలవులు కాబట్టి పిల్లలూ ఇంటి దగ్గరే దొరుకుతారు.