అమ్మ ఫ్రీజర్‌లో నిమ్మగడ్డలు

మా అమ్మ ఏడాదిగా పప్పులో నిమ్మకాయ పిండడం మానేసింది. రుచి నచ్చక కాదు, కీళ్లవాతం. కాయ కోయగలదు కానీ పిండలేదు. నర్సీపట్నంలో ఒక్కతే ఉంటుంది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ నెలకోసారి వెళ్తాను. వినడానికి చిన్న విషయమే. కానీ అమ్మకి రక్తం తక్కువ. పప్పులో, ఆకుకూరల్లో ఉండే ఐరన్ ఒంటికి బాగా పట్టాలంటే విటమిన్ సి సాయం కావాలి.

రసం పిండి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే చాలదా? మూడు నాలుగు రోజులకి మించి నమ్మలేం. పులుపు ఎక్కువ కాబట్టి చాలా సూక్ష్మజీవులు అందులో పెరగవు. ఈస్ట్, బూజు మాత్రం పెరుగుతాయి. పైగా గాలి తగిలేకొద్దీ విటమిన్ సి తగ్గిపోతుంది.

పోనీ మరిగించి దాస్తే? ఆ పని ఎప్పుడో చేసి చూశారు. 1747లో జేమ్స్ లిండ్ అనే బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు స్కర్వీ వచ్చిన నావికులకి నారింజ, నిమ్మ పండ్లు ఇచ్చి నయం చేశాడు. తర్వాత ఓడల్లో నిల్వ ఉండాలని రసాన్ని వేడిచేసి చిక్కబరచమన్నాడు. ఆ వేడికి అసలు మందే చాలావరకు పోయింది.

కాబట్టి మనకి దారి ఫ్రీజరే. వెళ్లినప్పుడల్లా యాభై కాయలు కొంటాను. కడిగి, తుడిచి, అరచేత్తో నేలమీద దొర్లించి పిండుతాను. తొక్క మరీ నలిపితే చేదు దిగుతుంది. గింజలు నలగకుండా వడగట్టాలి. సత్తు గిన్నె, రాగి, ఇత్తడి వద్దు. పులుపుకి ఆ లోహం రసంలోకి దిగుతుంది. గాజు గానీ స్టీలు గానీ మంచిది. రసాన్ని ఐస్ ట్రేలో పోసి, గడ్డ కట్టాక జిప్ కవర్లోకి మార్చి, గాలి పిండేసి, తేదీ రాస్తాను. మూడు నెలల్లోపు వాడేస్తే రుచి పెద్దగా మారదు. పప్పు దించాక ఒక గడ్డ వేస్తే చాలు.

కరెంటు ఎక్కువసేపు పోతే ఎలా? గడ్డలన్నీ కలిసి ఒకే ముద్దయితే మధ్యలో కరిగాయని అర్థం. అప్పుడు వాటిని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో వాడేయమని చెప్పాను.

బత్తాయితో మాత్రం ఈ పని పెట్టుకోకండి. పిండగానే తియ్యగా ఉన్న రసం కాసేపటికి చేదెక్కుతుంది. పండులో చేదులేని పదార్థం ఒకటి ఉంటుంది. పిండాక, రసంలోని పులుపుకి అది మెల్లగా లిమొనిన్ అనే చేదుగా మారుతుంది. బత్తాయి పిండిన వెంటనే తాగాల్సిందే.

"ఫ్రిజ్‌లో పెట్టింది తాజాది ఎలా అవుద్దిరా?" అంది అమ్మ మొదట్లో. తాజాది కాదు, నిజమే. పులిహోరకి ఇప్పటికీ పక్కింటి అమ్మాయిని పిలిచి కాయే పిండించుకుంటుంది. ఆ పట్టింపుతో నాకు పేచీ లేదు.

ఫోన్లో "తిన్నావా?" అంటే ఎప్పుడైనా "తిన్నాను" అనే అంటుంది. అందుకే ఇప్పుడు "ఇంకా ఎన్ని గడ్డలున్నాయమ్మా?" అని అడుగుతున్నాను. లెక్క తగ్గుతోందంటే నాకు నిశ్చింత.