తడి చేతులూ, ఎర్తు తీగా

వర్షాకాలంలో బట్టలు ఆరడం ప్రతి ఇంటికీ ఒక పరీక్షే. అటువంటి రోజుల్లో రెండు తొట్ల వాషింగ్ మెషీన్‌లోని డ్రైయర్ ఎంతో ఆసరా. అది బట్టలను వేడితో ఆరబెట్టదు. బుట్టను వేగంగా తిప్పి నీటిని బయటికి చిమ్ముతుంది. మిగిలిన తేమ వసారాలో కట్టిన తీగ మీద ఆరిపోతుంది. నమాజుకు పరిశుభ్రమైన దుస్తులు సిద్ధంగా ఉండవలసిన ఇళ్లలో ఈ వెసులుబాటు చిన్నదేమీ కాదు. అందుకే డ్రైయర్ ఆగిపోతే ఇంటిల్లిపాదీ కంగారు పడతాము. అయితే ఆగిపోయిన డ్రైయర్ కంటె, చక్కగా తిరుగుతూనే షాకు కొట్టే డ్రైయర్ ఎక్కువ ప్రమాదకరమని మా ఇంటి అనుభవం చెబుతోంది.

ఆగిపోయిన దాని సంగతి ముందు చూద్దాము. ఉతికే తొట్టి పనిచేస్తూ డ్రైయర్ ఒక్కటే తిరగకపోతే, మెషీన్‌కు కరెంటు అందుతున్నట్టే. లోపాన్ని డ్రైయర్ భాగంలోనే వెతకాలి. ఏ చప్పుడూ లేకపోతే మూత సరిగా మూసుకున్నదో లేదో చూడాలి. మూత తెరచి ఉంటే దాని దగ్గరి స్విచ్ మోటారుకు కరెంటు అందనివ్వదు. ఆ స్విచ్ గాని, టైమర్ గాని చెడినా ఇదే పరిస్థితి. మోటారు మూలుగుతూ బుట్ట మాత్రం కదలకపోతే, చేతిరుమాలో మేజోడో జారి బుట్ట చుట్టూ చిక్కుకొని ఉండవచ్చు, బ్రేకు వదలకపోవచ్చు, కెపాసిటర్ చెడి ఉండవచ్చు. ప్లగ్గు తీసిన తరువాతనే చెయ్యి పెట్టాలి. వెనుక పలక విప్పే పని మాత్రం తెలిసినవారికే వదలాలి. ప్లగ్గు తీసినా కెపాసిటర్‌లో విద్యుత్తు కొంత నిలిచి ఉండవచ్చు. కాలిన వాసన వస్తే ఇక ఏ పరీక్షా వద్దు, మెయిన్ ఆపడమే.

మా అద్దె ఇంట్లో డ్రైయర్ ఏ లోపమూ లేనట్టే తిరిగేది. ఇంటిపనిలో మాకు తోడ్పడే సోదరి ఒకనాడు బట్టలు తీస్తూ చెయ్యి వెనక్కి లాక్కున్నది. అడిగితే, “నాలుగు రోజులుగా చిమచిమలాడుతోందమ్మా. చెబితే మిషను నేనే పాడుచేశానంటారేమోనని ఊరుకున్నాను” అన్నది. ఆ మాట మమ్మల్ని షాకు కంటె గట్టిగా తాకింది. చెప్పులు తొడుక్కొని పొడి చేతులతో స్విచ్ వేసే మాకు ఏమీ తెలియలేదు. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడే ఆమెకే తెలిసింది.

పిలిపించిన మెకానిక్ కాళ్ల కింద చెక్కపలక వేసుకోమని సలహా చెప్పి వెళ్లిపోయాడు. లోపం ఒకచోట ఉండగా, జాగ్రత్త భారాన్ని ఆమె పాదాల మీద మోపడం మాకు న్యాయమనిపించలేదు. ప్లగ్గు తీసివేసి, కొన్నాళ్లు బట్టలు మేమే పిండుకున్నాము.

తరువాత వచ్చిన ఎలక్ట్రీషియన్ రెండు లోపాలు చూపించాడు. డ్రైయర్ అడుగున రబ్బరు సీలు అరిగి నీరు మోటారు మీదికి కారుతోంది. అంతకంటె పెద్దది గోడలోనిది. సాకెట్‌కు మూడు రంధ్రాలున్నాయి గాని, పై రంధ్రానికి వెనుక ఎర్తు తీగే లేదు. అతడు పరీక్ష బల్బు పెట్టి చూపాడు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య అది వెలిగింది. ఫేజుకూ ఎర్తుకూ మధ్య వెలగలేదు. కారిన కరెంటు భూమిలోకి పోవడానికి తీగ లేనప్పుడు, తాకిన మనిషే తీగ అవుతాడు.

ఎం.సి.బి. ఉన్నది కదా అని మనం ధీమాగా ఉంటాము. అది ఆంపియర్ల లెక్కన పెరిగిన లోడుకూ షార్టుకూ పడిపోతుంది. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల కరెంటులో మనిషి ప్రాణం తీయడానికి కొన్ని పదుల మిల్లీఆంపియర్లు చాలు, ఎం.సి.బి.కి అది లెక్కలోకే రాదు. 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. వేరు. వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సరితూగకపోతే క్షణంలో సరఫరా ఆపుతుంది. దాని మీది ‘టెస్ట్’ మీటను అప్పుడప్పుడు నొక్కి చూడాలి. ఎర్తును న్యూట్రల్‌తో గాని, నీటి పైపుతో గాని కలిపి సరిపెట్టడం, ప్లగ్గు పొడవాటి పిన్నును విరవడం ప్రాణాలతో చెలగాటమే.

ఇంటి యజమాని మొదట, “ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదే” అన్నారు. చెప్పగలిగినవారికి షాకు తగలలేదని, తగిలినవారు చెప్పలేకపోయారని వివరించాము. ఖర్చులో మా వంతు ఇస్తామన్నాము. అల్‌హమ్దులిల్లాహ్, ఆయన అంగీకరించి అన్ని పోర్షన్లకూ ఎర్తు తీగ వేయించారు.

రాత్రి నిద్రించేముందు దీపాలు ఆర్పమని, ఎలుక వత్తిని లాగి ఇల్లు తగలబెట్టవచ్చునని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించారు. వత్తి స్థానంలో నేడు తీగ వచ్చింది. దానిని కొరికే ఎలుక అదే. ఒకరికి హాని కలిగించరాదన్నది మన ధర్మంలో మూలసూత్రం. మన చేతికింద పనిచేసేవారిని సోదరులుగా చూడమన్నది ఆ ప్రవక్త (సల్లం) బోధనే. తవక్కుల్ అంటే ఒంటెను కట్టిన తరువాత అల్లాహ్‌పై భారం వేయడం. మన ఇళ్లలో ఒంటెను కట్టే తాడు ఆ ఎర్తు తీగ.

కాబట్టి ఈ వారమే ఒక ఎలక్ట్రీషియన్ చేత మీ సాకెట్లలో ఎర్తు పరీక్ష చేయించండి. అంతకుముందు, మీ ఇంట్లో తడి చేతులతో పనిచేసేవారిని ‘ఎక్కడైనా చిమచిమలాడుతోందా?’ అని మీరే అడగండి. వారు భయం లేకుండా జవాబు చెప్పేలా అడగండి.